ఎల్బోకి అంటిన అయస్కాంతం

మా రుయిఫెన్ అత్త సొంతంగా స్టీలు పని షెడ్డు పెట్టాక వచ్చిన మొదటి ఆర్డరు డింగ్ మావయ్యది. ఆయన మా వీధి చివర సోయాపాలు గడ్డకట్టించి, పన్నీరులాంటి టోఫు చేస్తాడు. సోయాపాలు పారే గొట్టాలకు, మలుపుల దగ్గర బిగించే బొటనవేలంత స్టీలు ఎల్బోలు కావాలన్నాడు. తినే పదార్థం తగిలేవి కాబట్టి తుప్పు పట్టని 304 రకం స్టీలే వాడాలన్నాడు. మామూలుగా దానికి అయస్కాంతం అంటదు. సరుకు నచ్చితే అత్త షెడ్డు నిలబడుతుంది. నచ్చకపోతే మళ్ళీ పెద్ద ఫ్యాక్టరీలో పనికి పోవాలి. అత్త ఆ మాట పైకి అనలేదు గానీ, రెండు రోజులుగా గంజి సగంలోనే వదిలేస్తోంది.

ఈ ఉదయం డింగ్ మావయ్య చెప్పకుండా వచ్చాడు. చేతిలో వాళ్ళ ఫ్రిజ్ తలుపుకుండే పీచ్ పండు బొమ్మ అయస్కాంతం. ఎవరొచ్చినా నాకు నోరు పెగలదు కాబట్టి, అలవాటుగా గొట్టాలు వంచే ప్రెస్సు వెనక్కి తప్పుకున్నాను. అప్పుడే వంచి ట్రేలో పోసిన ఎల్బోల్లో ఆయన ఒకటి తీసి, దానికి అయస్కాంతం ఆనించాడు. అది అంటుకుంది.

"రుయిఫెన్! మంచి స్టీలన్నావు. ఇదేంటి, పిల్లికూనలా పట్టుకు వేలాడుతోంది?"

"అన్నా, ఆ ట్రే ఇంకా కొలిమిలోకి వెళ్ళలేదు."

"కొలిమిలో పెడితే ఇనుము వెండైపోతుందా?"

"గడ్డకట్టకముందే గిన్నె బోర్లించి, నీ టోఫు నీళ్ళలా ఉందని ఎవరైనా గోల చేస్తే ఏమంటావు?"

"వెధవా అంటాను," అనేసి ఆయన నాలుక కరుచుకున్నాడు.

అత్త వంచని గొట్టం ముక్క అందించింది. దానికి అయస్కాంతం అంటలేదు. చల్లగా ఉండగా బలంగా వంచితే ఈ స్టీలుకి కాస్త అయస్కాంత గుణం వస్తుందనీ, బాగా కాల్చి నీళ్ళలో ముంచితే పోతుందనీ చెప్పింది.

"నువ్వు వేరేది తెచ్చి చూపించవని నమ్మకమేంటి?"

"నీ గుర్తు నువ్వే కొట్టుకో."

సుత్తి, ఉలి ఇచ్చింది. ఆయన ఆ ఎల్బో మీద లోతుగా మూడు గాట్లు పెట్టాడు. ట్రే కొలిమిలోకి వెళ్ళింది. అత్త చేతులు తుడుచుకుంటూనే ఉంది. ఎల్బోలు నిప్పుల్లా మెరిశాక ట్రేని బయటికి లాగి తొట్టిలో బోర్లించింది. నీళ్ళు బుసబుసమన్నాయి. ఒకటి మాత్రం జారి గచ్చు మీద పడింది. ఎరుపు తగ్గి నల్లబడింది. చల్లారిందనుకుని మావయ్య వంగాడు.

"మావయ్యా, ముట్టుకోకు! కాలుతుంది!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఓరి నాయనో! ఈ పిల్లకి నోరుందా?" అంటూ ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అత్త పట్టకారుతో తొట్టిలోంచి మూడు గాట్ల ఎల్బో తీసి ఇచ్చింది. మావయ్య ఆనించిన అయస్కాంతం నిలవకుండా జారి కింద పడింది. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ పడింది. చొక్కా చేతులు మడిచి తొట్టిలోంచి ఒక్కోటీ తీసి పరీక్షించడం మొదలుపెట్టాడు. ఏదీ అంటకపోయేసరికి చిన్నపిల్లాడిలా కేరింతలు కొట్టాడు.

"మా రెండో గొట్టాల లైనుకీ నువ్వే చెయ్యాలి రుయిఫెన్!"

"ఆగన్నా. ఇంకా ఈ నలుపు పోయేలా యాసిడ్‌లో కడగాలి, స్టీలు రకం తేల్చే ల్యాబు పరీక్ష చేయించాలి. అది కూడా చూసుకున్నాక ఇవ్వు ఆర్డరు."

"ల్యాబు వాళ్ళకి నేను చెప్తాలే!"

"నువ్వు టోఫు సంగతి చూసుకో," అని అత్త పకపకా నవ్వింది. తర్వాత పొద్దున సగంలో వదిలేసిన గంజి తెచ్చుకుని, అక్కడే నిలబడి గిన్నె ఖాళీ చేసింది.