మోసుకెళ్ళిన మాట

ఆసుపత్రిలో అందరూ ఆమెను అడ్రసులమ్మ అని పిలిచేవారు. కంప్యూటర్లకు అడ్రసులు పంచే సర్వరును చూసుకునేది ఆమే మరి. ఏ వార్డులో కంప్యూటరు మొండికేసినా కేబులు భుజాన వేసుకుని పరుగెత్తేది. బల్లల కింద దూరి దూరి మోకాళ్ళు కాయలు కాచాయి. ఇంతా చేసి ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం, ఎప్పుడు ఊడుతుందో దేవుడికే తెలియాలి. అదే విభాగంలో ఆమె మొగుడిది మాత్రం పర్మినెంటు ఉద్యోగం. పని అంతంత మాత్రమే గానీ, నోరుందే, అది మహా తీపి.

ఆసుపత్రికి కొత్త బ్లాకు కట్టారు. దానికి నెట్‌వర్కు ఇన్‌ఛార్జి కావాలన్నారు. పర్మినెంటు పోస్టు, పెద్ద హోదా. కాంట్రాక్టు వాళ్ళకైనా ఇస్తారట, కాకపోతే మీటింగుకు వెళ్ళే పర్మినెంటు మనిషెవరో ఒకరు వాళ్ళ పేరు చెప్పాలి. అలాంటి మనిషి ఇంట్లోనే ఉండగా ఆమె ఇంకెవరి కాళ్ళు పట్టుకుంటుంది?

"ఏమండీ, ఈ ఒక్కసారికి నా పేరు చెప్పండి. కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో అని ఏడాదికోసారి ఊపిరి బిగబట్టుకుని బతకడం నా వల్ల కావట్లేదు" అంది.

"నీ పేరు కాక ఊళ్ళోవాళ్ళ పేరు చెప్తానా!" అన్నాడు.

మీటింగు అయ్యాక అడిగితే, "చెప్పానే, జవాబు రావాలి" అన్నాడు. నమ్మింది. కట్టుకున్నవాడు కదా, నమ్మక చస్తుందా? ఆ ఉత్సాహంలో కొత్త బ్లాకు నెట్‌వర్కు ప్లానంతా సెలవు రోజుల్లో కూడా కూర్చుని తనే గీసింది.

కొత్త బ్లాకు కంప్యూటర్లన్నిటినీ కలిపే పెట్టె, అదే స్విచ్చు, పెట్టే రోజు రానే వచ్చింది. "డైరెక్టరు మేడం ముందు నేను చేస్తాలే, పనిలో పనిగా నీ పోస్టు సంగతి కూడా కదుపుతాను" అన్నాడతను. పొద్దున టీ తాగుతూ ఆమె అతనికి పాఠం చెప్పింది.

"కొత్త కంప్యూటరుకి అడ్రసుండదు. 'నాకో అడ్రసు ఇవ్వండి బాబూ' అని అరుస్తుంది. ఆ అరుపు దాని అంతస్తు దాటి బయటికి రాదు. సర్వరేమో పాత బ్లాకులో ఉందాయె. అందుకే అరుపుని అక్కడిదాకా మోసుకెళ్ళమని స్విచ్చుకి ఒక లైను రాయాలి. కంప్యూటర్లున్న అంతస్తు వైపు రాయాలండోయ్, సర్వరు వైపు కాదు."

"మోసుకెళ్ళేటప్పుడు స్విచ్చు దానిమీద తన అడ్రసు రాసుకుంటుందని మొన్నెప్పుడో అన్నావు, అదెందుకు?"

"జవాబు ఎటు పంపాలో సర్వరుకి తెలియొద్దూ? జవాబు రాగానే అడిగినదానికి ఇచ్చేస్తుంది."

"అంటే నీ మాట నేను మోసుకెళ్ళినట్టన్నమాట" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. పాపం, ఎంత హాయిగా నవ్విందో!

మధ్యాహ్నం ఫోను మోగింది. "ఒక్కసారి రావే, కొంప మునిగింది" అన్నాడు. చేస్తున్న పని వదిలేసి పరుగెత్తింది. మొదటి అంతస్తులో కొత్త కంప్యూటర్లన్నీ బిక్కమొహం వేసుకుని ఉన్నాయి. డైరెక్టరు మేడం చేతులు కట్టుకుని నిలబడింది. అతనికి ముచ్చెమటలు పోస్తున్నాయి.

ఆమె లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని చూసింది. వద్దన్న చోటే, సర్వరు వైపే రాశాడు మహానుభావుడు! ఆ లైను చెరిపి, అంతస్తు వైపు రాసింది. కాసేపట్లో కంప్యూటర్లు ఒక్కొక్కటే అడ్రసు అందుకున్నాయి.

మేడం మొహం విచ్చుకుంది. "ఇంట్లోనే ఇంత మంచి సాయం ఉంటే మీకేం భయమండీ, ఇన్‌ఛార్జి గారూ!" అంది అతనితో.

ఆమె తన చెవులను తానే నమ్మలేకపోయింది. మొగుడి వైపు చూస్తే అతను సీలింగులో వైర్లు పరిశీలిస్తున్నాడు. ఏమో, తన పేరు చెప్పాడేమో, వాళ్ళే కాదన్నారేమో. ఆ కాస్త ఆశ పట్టుకుని అడిగేసింది.

"మేడం, మరి నా పేరు..."

"అదేంటమ్మా? మీటింగులో మొదట నేనే నీ పేరు చెప్పాను. ఇల్లూ వాకిలీ చూసుకోవాలి, మా ఆవిడ ఈ బరువు మోయలేదు, తనకసలు ఇష్టం లేదు అని ఆయనే చెప్పారుగా!"

మేడం పైఅంతస్తుకు వెళ్ళిపోయింది. ఆమె మొగుడి వైపు తిరిగింది. పేరు చెప్పకపోతే పోయె, మర్చిపోయాడనుకునేది. వాళ్ళంతట వాళ్ళు ఇస్తున్నదాన్ని నోటి దగ్గర లాగేశాడు.

"మీరు నోరు మూసుకుని కూర్చున్నా నాకొచ్చేదండీ" అంది.

"అబ్బ, రాద్ధాంతం చెయ్యకే. మనింటికేగా వచ్చింది! నాకొస్తే ఒకటీ, నీకొస్తే ఒకటీనా?"

"ఒకటే అయితే నాకే రానివ్వాల్సింది."

అతను అటూ ఇటూ చూసి, "మెల్లిగా మాట్లాడు, వింటారు" అన్నాడు.

"విననీండి. ఆ స్విచ్చుకున్నపాటి నీతి మీకు లేకపోయింది. అదీ తన అడ్రసే రాసుకుంటుంది. వచ్చిన జవాబు మాత్రం కాజెయ్యదు."

అతను లాప్‌టాప్ ఆమె వైపు జరిపాడు. సిగ్గు లేకపోతే సరి, "మిగతా అంతస్తులు కూడా నువ్వే చూసెయ్యవే, మేడం పైన కనిపెట్టుకుని ఉంది" అన్నాడు.

విసిరికొట్టి పోదామనుకుంది. కానీ వారం తిరిగేసరికి ఆ గదుల్లోకి రోగులు వస్తారు. వాళ్ళేం పాపం చేశారు? కళ్ళు తుడుచుకుంటూ అంతస్తు అంతస్తుకూ ఆ లైను రాసుకుంటూ పోయింది. కొత్త బ్లాకులో అడ్రసు లేని కంప్యూటరంటూ మిగల్లేదు.

చివరికి లాప్‌టాప్ మూసేసరికి అతను గుమ్మంలో ఆమె సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పద, ఇంటికెళ్దాం."

"మీరు వెళ్ళండి. నేను రాను."

"ఇంటికి రాక ఎక్కడికెళ్తావే?"

అడ్రసులమ్మ నోరు తెరిచింది. ఎంత వెతుక్కున్నా ఒక్క చోటు పేరు కూడా నోటికి రాలేదు.