సలహాదారు రాసిన కార్డు

యాభై ఆరులో యూనివర్సిటీ నుంచి ఒక కాగితం వచ్చింది. ప్రతి కాలేజీలోనూ ఒక లెక్చరర్ విద్యార్థుల కష్టసుఖాలు విని సలహా చెప్పాలట. మా కడప కాలేజీలో ప్రిన్సిపాల్ గారు ఆ కాగితం చదివి, స్టాఫ్ రూమంతా ఒకసారి కలయజూసి, "పీర్ బాషా గారు చూసుకుంటారు" అన్నారు. చరిత్ర పాఠాలు చెప్పుకునే నాకు నోట్లో నాలుక లేదని అందరికీ తెలుసు. అప్పటికే హాస్టలూ, లైబ్రరీ నా నెత్తిమీదే ఉన్నాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు!

కెమిస్ట్రీ సామాన్ల గది పక్కన ఒక గది ఇచ్చారు. రెండు కుర్చీలు, ఒక బల్ల, కుళ్ళిన గుడ్ల వాసన. రోజూ నాలుగింటి నుంచి ఐదింటి దాకా అక్కడ కూర్చోవాలి. నాలుగు నెలలు ఈగలు తోలుకున్నాను. వచ్చిన ఒకరిద్దరూ హాస్టలు పప్పు నీళ్ళగా ఉందని చెప్పిపోయారు. పప్పుకు నేనేం సలహా చెప్పేది?

ఐదో నెలలో మారెన్న వచ్చాడు. కోయిలకుంట్ల అవతల ఏదో పల్లె. ఇంటర్ మొదటి ఏడు. ఆ ఊరి నుంచి కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏమప్పా, ఏం కావల్ల?" అన్నాను.

"ఇంగ్లీషులో పాఠం చెప్తాంటే యాడ మొదలైందో, యాడ అయిపోయిందో తెలీదు సార్. గుండె దడదడా కొట్టుకుంటాది. మూడు వారాల నుంచి క్లాసుకు పోలేదు. రైలు స్టేషన్లో కూర్చుంటాండా."

"ఇంట్లో తెలుసునా?"

"వద్దు సార్! తెలిస్తే మాయమ్మ నన్ను ఈడ ఉండనీదు. నాకు సదువు కావల్ల. ఎవురికీ చెప్పొద్దండి సార్."

"నేనెవురికి చెప్తానప్పా?" అన్నాను. మనసులో కూడా అదే అనుకున్నాను.

మరుసటి రోజు నుంచి సాయంత్రం ఆ గదికే పుస్తకం తెచ్చుకోమన్నాను. ఏ పాఠమైనా ముందు తెలుగులో చెప్పుకుని, తర్వాత ఇంగ్లీషులోకి దిగేవాళ్ళం. పది రోజులకు కుర్చీలో కూర్చున్నాడు. ఇరవై రోజులకు ఒక ప్రశ్న అడిగాడు. ఒకనాడు నా క్లాసులో చివరి బెంచీ మీద వాడు కనబడ్డాడు. ఉద్యోగం మీద ఎప్పుడో విసుగు పుట్టినవాణ్ణి నేను. అబద్ధమెందుకు, నాకు కళ్ళు చెమర్చాయి.

నెలాఖరుకు ప్రిన్సిపాల్ గారు పిలిచారు. సలహా తీసుకున్న ప్రతి విద్యార్థి తండ్రికీ ఒక ఉత్తరం పోవాలట.

"వీడికి వద్దు సార్" అన్నాను.

"మీకున్నదే ఒక్కడు. వాణ్ణీ వదిలేస్తే పనేం జరిగిందని యూనివర్సిటీకి చూపిస్తాం?" అన్నారు.

ఇంకొక్క మాట అని ఉండాల్సింది. అనలేదు. ఆ రోజు ఐదు క్లాసులు చెప్పి గొంతు పోయింది. ఇంటికి పోయి నడుం వాలిస్తే చాలనిపించింది. ఛీ, అదీ ఒక కారణమేనా!

వాడి గుట్టు కాపాడాలనే చూశాను. క్లాసుల సంగతి, స్టేషను సంగతి ఎత్తలేదు. "మీ మారెన్న నా దగ్గర ఉన్నాడు. దిగులు పడవద్దు. ధైర్యంగా ఉండండి. అన్నీ నేను చూసుకుంటాను" అని ఒక కార్డు ముక్క గీకి డబ్బాలో వేశాను.

నేనూ పల్లెలో పుట్టినవాణ్ణే. చదువురాని ఇంటికి వచ్చిన కార్డును పోస్టుమాన్ వీధిలో నిలబడి పైకే చదువుతాడు. చావు కబురును చావు కబురని ఎవరూ రాయరు, ధైర్యంగా ఉండమనే రాస్తారు. ఇవి నాకు తెలియనివా? మా నాయన పోయినప్పుడు నాకొచ్చిన కార్డులోనూ ఆ మాటలే ఉన్నాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం గేటు దగ్గర ఏడుపులు వినబడ్డాయి. మారెన్న తండ్రి తిమ్మయ్య, తల్లి రామలక్ష్మమ్మ, ఊరివాళ్ళు ఐదుగురు. రెండు బస్సులు మారి శవాన్ని తీసుకుపోవడానికి వచ్చారు. తిమ్మయ్య చంకలో కొత్త తెల్లగుడ్డ ఉంది. క్లాసులోంచి మారెన్న బయటికి రాగానే ఆ తల్లి ఉన్నచోటే కూలబడింది.

అప్పుడిక జరిగిందంతా నేను చెప్పక తప్పలేదు. గుండెదడ, స్టేషను, అన్నీ. చుట్టూ కాలేజీ మొత్తం నిలబడి విన్నది. మారెన్న తల ఎత్తలేదు.

తిమ్మయ్య మొహం తుడుచుకున్నాడు. "బతికుండాడు, అంతే సాలు. సదువుకోనీలేమ్మే" అన్నాడు భార్యతో.

ఆమె కొడుకు చెయ్యి వదల్లేదు. "సచ్చినాడని నిన్నంతా మన్నులో పొర్లాడి ఏడ్చినా. మల్లా ఏడ్చే ఓపిక నాకు ల్యా. పదరా ఇంటికి."

"ఒక్క రెండు నెలలు ఉండనీయమ్మా" అని బతిమాలాను. "వాడు నిలదొక్కుకున్నాడు. పూచీ నాది."

ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. "మీరు కార్డు రాయకుంటే నాకు తెలిసేదే గాదు సార్. ఆ స్టేషన్లో ఏ రైలు కింద పడుండేవాడో! నా కొడుకును నాకు ఇచ్చినారు. సల్లగుండల్ల మీరు."

ఎంత చెప్పినా వినలేదు. మారెన్న హాస్టలుకు పోయి తన రేకు పెట్టె తెచ్చుకున్నాడు.

"సార్‌కు దండం పెట్టురా" అన్నది తల్లి.

వాడు పెట్టె కింద పెట్టి, నా మొహంలోకి చూడకుండా, రెండు చేతులూ జోడించాడు.