లికా ఫోనులో పచ్చిక

పొద్దున్నే కాఫీకి నీళ్ళు పొయ్యి మీద పెట్టి, లికా చేసే మొదటి పని ఫోను తెరవడం. అందులో ఆమెకో పశువుల ఆట ఉంది. కొండవాలును నాలుగు చెక్కలు చేసి కంచె వేసుకుంది. ఒక చెక్కలో గడ్డి పిడికిలెత్తుకు దిగగానే గేటు తీసి మందను పక్క చెక్కలోకి తోలుతుంది, మేసినదాన్ని కొన్నాళ్ళు ముట్టదు. ఆ ఆటలో గెలవాలంటే గడ్డి జోలికి పోకుండా ఉండటం తెలియాలి. ఊళ్ళో ఇంకెవరికీ అంత ఓపిక లేదు.

ఇండోనేసియాలోని సుంబా దీవిలో ఏటా చేసినట్టే ఈసారీ ఆగస్టులో కొండలు తగలబెట్టారు, కాలినచోట లేత చిగుళ్ళు వస్తాయని. అక్టోబరు అయిపోవస్తున్నా చినుకు లేదు, చిగురూ లేదు. లికాను చేసుకోబోయే లాపు తాతల కాలంలో ఓడలెక్కి వచ్చిన ఒంగోలు జాతి ఆవులు తనవి పన్నెండింటినీ తోలుకుని ఆమె వాకిట్లోకి వచ్చాడు. అవి పిల్లకు ఓలిగా ఆమె పుట్టింటికి ఇవ్వాల్సిన ఆవులు. పదిరోజుల్లో, శనివారం నాడు, లికా మేనమామ రెహి వచ్చి చూస్తాడు. పక్కటెముకలు కనిపించాయా, పిల్లను అడుగుతున్న గుర్రాల ఆసామికి ఇచ్చేస్తాడు.

"లోపలికి తోలనా?" అన్నాడు లాపు బెరుగ్గా.

"గిట్టలు తుడిచి తోలు. నా గడ్డికి బూడిదంటిందంటే ఊరుకోను."

ఫోను నేలమీద పెట్టింది. ఆవులు తలలు వంచి ఒకదాని వెనక ఒకటి అందులోకి దిగిపోయాయి. అటుగా పోతున్న పక్కింటి పెద్దమ్మ, "ఛార్జింగు చూసుకోవే, మధ్యలో ఆరిపోతే పశువులు బెదురుతాయి" అని తన దారిన పోయింది.

వారం తిరిగేసరికి వాటి వీపులు నిండుతున్నాయి. గురువారం మధ్యాహ్నం లికా నీళ్ళకు వెళ్తూ ఫోను లాపు చేతికిచ్చింది. మూడో చెక్కలో గడ్డి ముదిరి పసుపెక్కింది. ముదురు గడ్డి కనబడితే సుంబా మగాడి చెయ్యి ఊరుకోదు. ఆటలో నిప్పు పెట్టే బొత్తాం లేదు కాబట్టి, లైటరు వెలిగించి అద్దానికే అంటించాడు.

లికా బిందెతో తిరిగొచ్చేసరికి ఫోనులోంచి పొగ.

"ఏం చేశావయ్యా!"

"కొత్త చిగుళ్ళొస్తాయని..."

"శనివారం లోపలా? నీ మొహం!"

మంట రెండో చెక్క కంచె దాకా వచ్చేసింది. మంద ఉన్నది అందులోనే. లాపు కంగారుగా బిందె ఎత్తాడు.

"దానిమీద పోశావంటే నిన్నూ లోపలికి తోలేస్తా!"

లికా ఫోను లాక్కుని మొదటి చెక్క గేటు తీసింది. అది నిన్ననే మేసేసి నున్నగా ఉంది, మంటకు అంటుకోవడానికి ఏమీ లేదు. ఆవులు దుమ్ము రేపుకుంటూ పరిగెత్తాయి. ఒక చూడి ఆవు మాత్రం గేటు దగ్గర మొరాయించింది.

"రా తల్లీ, రా, రా!" అంటూ లికా అద్దం మీద వేలితో దాని వీపు నిమిరింది. అది ఒక్క దూకు దూకింది. లికా గేటు మూసేసింది. రెండో చెక్క కాలి మంట ఆరాక నాలుగో చెక్క తెరిచింది. మూడు వారాలుగా ఎవరినీ ముట్టనివ్వని పచ్చిక, మంటకు అంటుకోనంత పచ్చిగా, మోకాలెత్తున. ఆవులు అందులో మూతులు ముంచి మేస్తుంటే లికా, లాపు ఒకరినొకరు పట్టుకుని గంతులేశారు.

శనివారం వాటిని బయటికి తోలేసరికి రెహి నోట్లో తాంబూలం నమలడం మరిచిపోయాడు.

"ఇవి ఈ ఏటి ఆవులేనా?" అని ఒక్కోదాన్నీ తట్టి చూసి, సరేనన్నాడు. మందను తన దొడ్లో పెట్టి వెదురు అడ్డకర్రలు బిగించాడు.

పెళ్ళి తంతు ముగిసి లికా లాపు వెంట బయలుదేరింది. వంద అడుగులు వేసిందో లేదో, వెనక ఫెళఫెళా చప్పుడు. పన్నెండు ఆవులూ కర్రలు విరుచుకుని ఆమె వెనకే వస్తున్నాయి. రెహి తిట్టుకుంటూ మళ్ళీ తోలుకెళ్ళాడు. మళ్ళీ వచ్చాయి. మూడోసారి తాడు కట్టి లాగితే, తాడుతో పాటు ఆయన్నీ ఈడ్చుకొచ్చాయి.

రెహి దారి పక్కన రాయి మీద కూలబడి చెమట తుడుచుకున్నాడు. మేనకోడల్ని దగ్గరికి పిలిచాడు.

"ఇవి ఇచ్చినవాడివీ కావు, పుచ్చుకున్నవాడివీ కావే. మేపినదానివి. తోలుకుపో."

లికాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆ ఊరినుంచి సొంత మందతో కాపురానికి వెళ్ళిన మొదటి ఆడపిల్ల ఆమె. లాపును కాస్త పక్కకు జరగమని చెప్పి, మంద ముందు తను నడిచింది.