కుడిపక్క నిద్ర

పెడన నేతగాడు మార్కండేయులుకు ఆర్నెల్లుగా పొద్దున లేచేసరికి కుడిచెయ్యి తనది కాదన్నట్టుండేది. తెగిన పోగు అతకబోతే వేళ్లు మొద్దుబారి జారిపోయేవి. పోగు అతకలేనివాడు మగ్గం గుంటలో దిగి ఏం లాభం? నిద్రలో భుజం నలుగుతోంది, పడుకునే తీరుకు తగ్గ పరుపు చూసుకోమన్నాడు డాక్టరు. భార్య చౌడేశ్వరమ్మతో బెజవాడ బస్సెక్కాడు.

ఏలూరు రోడ్డు కొట్లో ఇరవై పరుపులు వరసగా పరిచున్నాయి. ఒకదాన్ని అరచేత్తో అదిమి తీశాడు. పడిన గుంట, చెలమలో నీరూరినట్టు, తనంతట తానే పూడింది. మళ్లీ అదిమాడు. మళ్లీ పూడింది. నులకమంచం మీద పుట్టి పెరిగిన మనిషి, కాసేపలాగే చూస్తూ నిలబడ్డాడు.

"ఎలా పడుకుంటారు బాబాయిగారూ?" అన్నాడు కొట్టు యజమాని భానుచందర్, మెడలో తాడుకు సెల్‌ఫోను వేలాడుతుండగా.

"వెల్లకిలా. మనిషన్నవాడు ఇంకెలా పడుకుంటాడు?"

మార్కండేయులు పరుపుల పైగుడ్డలన్నీ బొటనవేలితో రుద్దుకుంటూ పోయి, నేత బిగువుగా ఉన్నదాని దగ్గర ఆగాడు. "ఇదీ సరుకంటే." లోపల కొబ్బరిపీచు, చెక్కబల్లకి అప్పచెల్లెలు.

"పరుపు కొంటున్నారా, పంచె కొంటున్నారా?" అంది చౌడేశ్వరమ్మ. "ఈయన వెల్లకిలా పడుకోడం నేనెరగను నాయనా. కన్నంటుకోగానే కుడిపక్కకి తిరుగుతారు. ఆ చెయ్యి నిద్రలో కూడా మగ్గం పిడి లాగుతుంటుంది. లాగకుండా ఒంటి కిందేసి తొక్కిపెడతారు."

మార్కండేయులు తన చేతివంక పరాయివాడి చేతిని చూసినట్టు చూశాడు. రాత్రుళ్లు కూడా నేస్తోందా ఇది, తనకు చెప్పకుండా?

భానుచందర్ ఆయన్ని కుడిపక్కకి పడుకోబెట్టాడు. మొదటి పరుపులో భుజంతో పాటు నడుమూ దిగబడింది. రెండోది భుజానికి చోటిచ్చి నడుముకి ఆనుకుంది. వెన్ను తిన్నగా ఉందని భానుచందర్ మెడ నుంచి నడుం దాకా వేలితో గీసి చూపించాడు.

"పడుగు లాగి కట్టినట్టుంది," అంది చౌడేశ్వరమ్మ, మెల్లగా.

జవాబుగా గుర్రు వినిపించింది. పట్టపగలు, బస్సుల హారన్ల మధ్య. బేరానికొచ్చినవాళ్లు గొంతు తగ్గించారు.

అరగంటకి లేచాడు. వేళ్లు ముడిచాడు, విప్పాడు. పరుపు అంచున తెగి వేలాడుతున్న దారం కొసల్ని రెండు వేళ్లతో పట్టుకుని, ఒక్క పురితో అతికాడు. లాగి చూశాడు. ఊడలేదు.

భార్య వైపు తిరిగాడు. "ముప్పయ్యేళ్లుగా నా నిద్రని చూస్తానే ఉన్నావటే?"

"కళ్లు మూసుకునేది మీరు," అంది చౌడేశ్వరమ్మ. "నేను కాదుగదా."