టెంకాయ లేచిన ఇంజను

సురేంద్ర మీద ప్రసూనకున్న ఫిర్యాదు పంచాయతీలో పెట్టుకునేది కాదు. తాగడు, పేకాట ఆడడు, కోపమొచ్చినా కంచం విసిరేయడు. విసిరేసే మొగుడైతే నలుగురిలో చెప్పుకోవడానికి ఒక మాటైనా ఉండేది. అతనికున్నవి రెండే గుణాలు. ఒకటి, ఎప్పుడూ తప్పు చేయడు. రెండు, ఇంట్లో ఏ నిర్ణయమైనా తనదే. ప్రసూన అంగడికి పోయి ఉప్పు తెచ్చుకున్నా, "నేను తెమ్మంటేనే తెచ్చింది" అంటాడు. ఆ ఉప్పు చెమ్మగిలితే మాత్రం అది వాన తప్పు. ఉరవకొండ పక్కన వాళ్ళ ఊరికి వాన రావడమే అరుదు కాబట్టి, వచ్చిన ఒక్క వానా ఏడాది నిందలన్నీ మోసుకునేది. బోర్లు ఎండితే భూమి తప్పు. శెనక్కాయ పండకపోతే విత్తనాలిచ్చినోళ్ళ తప్పు. పెళ్ళయినప్పటి నుంచి చూస్తోంది, ఆకాశం నుంచి పాతాళం దాకా అందరూ తప్పులు చేశారు, సురేంద్ర తప్ప.

ఇప్పుడు జీపు వంతు వచ్చింది.

అది ఆమె మామ వేలంపాటలో కొన్న పాత డీజిలు జీపు. నాలుగు చక్రాలకూ బలం అందే రకం. తలుపులకు గడియలు పోయి తాళ్ళు మిగిలాయి. అయినా గుట్ట అవతలి చీనీ, అంటే బత్తాయి, తోటకు నీళ్ళ ట్యాంకు లాక్కుపోయేది అదొక్కటే. దోవలో రెండు పెద్ద రాతిగుండ్ల మధ్య ఇరుకు సందు ఉంది. ట్రాక్టరు దూరదు. జీపైతే అద్దాలు మడుచుకుని, ఊపిరి బిగబట్టుకుని ఎక్కుతుంది. ఎండలు ముదిరే వేళ, సరిగ్గా ఆ సందులో, వెనక నిండు ట్యాంకుతో ఉండగా ఇంజను పట్టేసింది. అనంతపురం నుంచి మెకానిక్ కుళ్ళాయప్ప వచ్చి చూసి, బానెట్ మూసి, దాని మీద తుండుగుడ్డ కప్పాడు. రిపేరు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ తోట ప్రసూన పట్టుదల. డిగ్రీలో బాటనీ చదివి వచ్చి, శెనక్కాయ తప్ప వేరే పైరు మొహం ఎరగని ఇంట్లో పోరి పోరి చీనీ చెట్లు పెట్టించింది. అక్కడి బోరు ఎండినప్పటి నుంచి జీపుతో తోలిన నీళ్ళతోనే వాటిని బతికించుకుంటూ వచ్చింది. ఈ ఏడే తొలికాపు. జీపు పడుకున్నాక ఆకులు దొన్నెల్లా ముడుచుకోవడం మొదలుపెట్టాయి. సురేంద్ర చూసి వచ్చి, "ఇంకొన్ని దినాలు సూస్తా. బతికితే సరి. లేకుంటే కొట్టించి కట్టెలకేస్తా" అన్నాడు.

అంటే, చెట్ల తప్పు కూడా ఖరారైపోయింది.

కుళ్ళాయప్పది గుజిరీ అంగడి. పాత బండ్లను విప్పి, పనికొచ్చే సామాన్లు అమ్ముతాడు, కావాలంటే బిగించి ఇస్తాడు. సురేంద్ర, ప్రసూన అక్కడికి పోయిన రోజు జీపుకు పట్టేవి రెండే ఇంజన్లు ఉన్నాయి. ఒకటి కారులోది, పెట్రోలుది, తుడిచిపెట్టిన ఇత్తడి చెంబులా తళతళలాడుతోంది. రెండోది సరుకుల బండిలోది, డీజిలుది, ఒళ్ళంతా ఆముదం పట్టించుకుని తలంటుకు కూర్చున్న ముసలమ్మలా నల్లగా, జిడ్డుగా ఉంది.

"అన్నా, ఇది పరుగెత్తుతాది, అది గుంజుతాది" అన్నాడు కుళ్ళాయప్ప. "రెండూ బాగుండాయి. నీ పనేందో నువ్వు సూసుకో."

పెట్రోలు ఇంజనును స్టార్టు చేసి వినిపించగానే సురేంద్ర మొహం వెలిగిపోయింది. "విన్యావా ప్రసూనా! మొన్న ఊరేగింపులో మన ఊరి ఓబుళేసు జీపు నా మొగాన దుమ్ము కొట్టి పోయింది గదా, ఇంక సూడు."

"ఓబుళేసు మన తోటకు నీళ్ళు తోల్తాడా ఏంది?"

"నీకు ఇంజన్ల సంగతి తెలీదు."

"తెలీదు. ట్యాంకు సంగతి తెలుసు."

"డీజిలుది సూడు, ఎట్లుండాదో! దాన్ని బిగిచ్చుకుని ఉరవకొండలో తిరగల్లా నేను?"

వాదిస్తే లాభం లేదని ప్రసూనకు తెలుసు. అందుకే దోవ మార్చింది. "పెద్ద పని గదప్పా. ఒకసారి బాలప్పతో సూపిస్తే?"

బాలప్ప నీళ్ళు చూసే మనిషి. అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. అడుగున నీళ్ళున్న చోట టెంకాయ తనంతట తానే లేచి నిలబడుతుంది. అక్కడే బోరు. బాలప్ప టెంకాయ లేవనిదే సురేంద్ర ఇంట్లో గుంజ కూడా పాతరు.

"ఇంజన్లకు గూడా సూస్తాడా?" అన్నాడు సురేంద్ర, అనుమానంగా.

"భూమి లోపలుండేది కనిపెట్టేటోడు, ఇనుము లోపలుండేది కనిపెట్టలేడా?"

సురేంద్ర తలూపాడు. "నేనూ అదే అనుకుంటాండా" అన్నాడు. నిర్ణయం అతనిదైపోయింది.

ప్రసూన ధైర్యానికి కారణం వేరే. బాలప్ప వచ్చిన ప్రతిసారీ అన్నం క్యారియరు మోసుకుపోయేది తనే. క్యారియరు వేపచెట్టు కింద పెట్టిన రోజు టెంకాయ వేపచెట్టు కింద లేచింది. గట్టు మీద పెట్టిన రోజు గట్టు దగ్గర లేచింది. ఒకసారి పరీక్షకని గుట్ట మీది బండపై పెట్టింది. టెంకాయ బండ మీదా లేచింది. బోరు లారీ అంత ఎత్తు ఎక్కదు కాబట్టి ఆ పూటకు బతికిపోయారు. బాలప్ప మోసగాడేమీ కాదు. పాపం, ఆకలి అతని చేతి దాకా వచ్చేస్తుంది, అది అతనికే తెలియదు. ఈ సంగతి ఒకసారి మొగునికి చెప్పబోతే, "అయితే మన బోర్లు ఎండింది నీ క్యారియరు వల్లనన్నమాట" అన్నాడు. అప్పటి నుంచి నోరు మూసుకుంది.

మరుసటి ఆదివారం ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేసింది. బాలప్పకు ప్రాణం. నెయ్యి కాస్త ఎక్కువే దట్టించింది. అంగడికి చేరగానే క్యారియరును తీసుకుపోయి డీజిలు ఇంజను నెత్తిన పెట్టి, మూత వాసన వచ్చేంత వదులు చేసి, ఏమీ ఎరగనట్టు చేతులు కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి పోయింది.

బాలప్ప తలగుడ్డ సర్దుకుని, చెప్పులు విడిచి, టెంకాయ అరచేతిలో పెట్టుకున్నాడు. టీ తాగడానికి వచ్చినవాళ్ళు కూడా చుట్టూ చేరారు. బాలప్ప అరిగిన టైర్లు దాటాడు, గేరుబాక్సులు దాటాడు, ముక్కు రెండుసార్లు ఎగబీల్చాడు. ఇంకో రెండు అడుగులు వేశాడు. టెంకాయ కదిలింది, వణికింది, నిలువునా లేచి నిలబడింది.

పెట్రోలు ఇంజను ముందర.

ప్రసూన తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. క్యారియరు పెట్రోలు ఇంజను మీద ఉంది, దాని కింద శుభ్రమైన గుడ్డ పరిచి ఉంది.

"యాడ పెట్టినావక్కా ఓళిగలు, ఆ జిడ్డు మీదనా?" అన్నాడు కుళ్ళాయప్ప, మేలు చేసినవాడి నవ్వుతో. "డీజిలు కంపు కొడతాయి! నేను సూసి ఈడ మార్చినా."

ప్రసూనకు ఆ టెంకాయను అక్కడే కొట్టాలనిపించింది, దేవునికి మాత్రం కాదు.

"బ్రమ్మాండమైన ఊట!" అని ప్రకటించాడు బాలప్ప.

"ఇంజన్లో ఊటేంది తాతా?" అన్నారెవరో.

"బలమప్పా, బలం" అంటూ బాలప్ప క్యారియరు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

కొత్త ఇంజను బిగించిన రోజు సురేంద్ర ఉరవకొండ రోడ్డు మీద ఓబుళేసు జీపును దాటి, వెనక్కి తిరిగి వచ్చి ఇంకోసారి దాటాడు. మరునాడు తెల్లారి ట్యాంకు తగిలించి, ప్రసూనను పక్కన కూర్చోబెట్టుకుని తోట దోవ పట్టాడు. గుండ్ల సందు దాకా బాగానే పోయింది. ఎక్కుడు మొదలైంది. ఇంజను కేక పెట్టింది. జీపు కదల్లేదు. ఇంకా గట్టిగా కేక పెట్టింది. కాలిన క్లచ్ వాసన ముక్కులు పగలగొట్టింది. బండి మెల్లగా వెనక్కి జారి ట్యాంకును గుండుకు ఆనించింది. ట్యాంకు మూత ఊడింది. ఎన్నో ఏండ్ల తర్వాత పక్కనున్న ఎండు వాగులో నీళ్ళు పారాయి.

ఇద్దరూ కూర్చుని ఆ పారుదల చూశారు.

"ట్యాంకు బరువెక్కువైంది" అన్నాడు సురేంద్ర.

"ట్యాంకు పాతదే."

"అయితే ఎక్కుడు పెరిగిండాది. మొన్నటికీ ఇప్పటికీ తేడా లేదూ?"

ప్రసూన దిగి, తోట దాకా నడుచుకుంటూ పోయి, ఒక చిన్న కొమ్మ తుంచుకొచ్చి అతని ముందర పెట్టింది. ముడుచుకున్న ఆకులు, గోలీ అంత ఎండిన కాయ. సురేంద్ర దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఎవరి తప్పో చెప్పలేదు. కొమ్మను చొక్కా జేబులో పెట్టుకుని, జీపును అనంతపురానికి తిప్పాడు.

"మారుస్తాలే అన్నా" అన్నాడు కుళ్ళాయప్ప. "అయితే మన అంగడి రివాజు తెలుసు గదా?"

ఆ రివాజు ఊరందరికీ తెలుసు. ఇంజను చెడ్డదైతే కుళ్ళాయప్ప మాట్లాడకుండా మారుస్తాడు. ఇంజను మంచిదై, ఎంచుకున్నవాడు పొరబడి ఉంటే, ఆ మాట అంగట్లో అందరి ముందర నోటితో చెప్పాలి. లేకుంటే ఆ మనిషి ఊరూరా తిరిగి కుళ్ళాయప్ప డొక్కు సరుకు అంటగట్టాడని చెప్తాడు.

సురేంద్ర గొంతు సవరించుకున్నాడు. "ఆ పొద్దు బాలప్ప..."

"బాలప్ప నా గిరాకీ కాదు."

"ఆ టెంకాయ..."

"టెంకాయ కూడా కాదన్నా."

టీ గ్లాసుల చప్పుడు ఆగింది. సురేంద్ర జేబులోంచి కొమ్మ తొంగి చూస్తోంది. నోరు తెరిచాడు, దగ్గాడు, నీళ్ళడిగాడు, తాగాడు, మళ్ళీ దగ్గాడు. ఆ ఒక్క మాట ఆ గొంతులోంచి ఎన్నడూ నడవలేదు, దోవ లేదు.

అతన్ని చూస్తే ప్రసూనకు జాలేసింది. తన మనసులోనూ ఓళిగల ముల్లొకటి గుచ్చుకుంటూనే ఉంది. "ఆయన్ని వదిలిపెట్టు కుళ్ళాయప్పా" అంది. "ఆ ఇంజను ఎంచింది ఆయన కాదు, నేను." బాలప్ప ఆకలి సంగతి, క్యారియరు సంగతి అన్నీ చెప్పేసింది.

అంగడంతా నవ్వింది. కుళ్ళాయప్ప నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో, నేను జరిపినందుకా! సరే, ఎంచింది అక్క. అక్క చెప్పినా సాలు."

"ఎవరు ఎంచింది?" అన్నాడు సురేంద్ర. దగ్గు ఎటో పోయింది.

"నేనే గదప్పా. బాలప్పను పిలిపిద్దామనిందీ నేనే, ఓళిగలు పెట్టిందీ నేనే."

"నీ ఓళిగలు కుక్కలకెయ్యి! ఓళిగలు సూసి ఇంజను ఎంచేటోన్నా నేను? టెంకాయ లేసినా లేయకున్నా దాన్నే తీసుకునేటోన్ని. తొలిరోజు దాని కూత విన్యప్పుడే అనుకుంటి. నాకు తెలీకుండా మా ఇంట్లో ఇంజన్లు ఎంచేది ఎవరు?"

"అట్లయితే తప్పు..." అని ఆగాడు కుళ్ళాయప్ప.

ప్రసూన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నాదేలే" అంది.

"నోర్ముయ్!" అని సురేంద్ర బల్ల గుద్దాడు. "ఎంచింది నేను, పొరబడింది నేను! తప్పు నాదే, దీంట్లో ఇంకెవరికీ భాగం లేదు!"