పదకొండో చేప

మా ముందుగదిలో ఎనిమిది అడుగుల గాజుతొట్టె ఉంది. ఉప్పునీళ్ళు, రాళ్ళు, రాళ్ళ మీద పెరిగే పగడాలు, వాటి మధ్య తిరిగే పదకొండు చేపలు. పెళ్ళయిన కొత్తలో బల్ల మీద పట్టేంత చిన్న తొట్టెగా మొదలై ముప్ఫై ఏళ్ళలో గోడంత అయింది. దాన్ని నేను సవతి అనేదాన్ని. మా ఆయన ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసు నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా ముందు దాని మొహం చూసి, ఆ తర్వాతే నా మొహం చూసేవాడు. "సవతి క్షేమమేనా?" అని దెప్పితే, "పెద్దామె అడిగిందని చెప్తాలే" అనేవాడు.

మూడేళ్ళుగా ఆయనకు మతిమరుపు జబ్బు. మొదట వస్తువుల పేర్లు పోయాయి. తర్వాత వీధులు పోయాయి. పోయినేడు ఒక ఉదయం కాఫీ ఇస్తే కప్పు అందుకుని, "చాలా థాంక్సండీ" అన్నాడు. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో ఆ మనిషి నాకు థాంక్స్ చెప్పడం అదే మొదటిసారి. ముందు నవ్వొచ్చింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

అప్పట్నుంచీ నేను ఆయనకు ఎవరో ఒక మంచి మనిషిని. రోజూ వచ్చి అన్నం పెట్టి, స్నానం చేయించి వెళ్ళే ఆవిడని. మీరు అంటాడు, అమ్మా అంటాడు, కష్టపెడుతున్నానని నొచ్చుకుంటాడు. నా జీవితంలో ఇంత మర్యాద ఎప్పుడూ ఎరగను. అంత మర్యాద ఎవరికీ వద్దు.

కాకపోతే రోజులో ఒక్క నిమిషం నాకు మిగిలింది. పొద్దున లేవగానే తొట్టె ముందు కూర్చుని వేలు చూపిస్తూ చేపల్ని లెక్కపెట్టేవాడు. ఆలుమగలు ఇద్దరు, నారింజ ఒంటి మీద తెల్ల పట్టీలవాళ్ళు. "వీళ్ళలో పెద్ద ఒళ్ళు ఆలుదే, మనింట్లో లాగే" అనేది ఆయన పాత జోకు. ఆకుపచ్చ మంద అయిదు. పొద్దస్తమానం ఇసుక తవ్వి పోసే మేస్త్రీ. మిగతావాళ్ళ ఒళ్ళు శుభ్రం చేసే డాక్టరుగారు. వంకాయ దొర, అంటే ఊదారంగు ఒళ్ళున్న బలిసిన పెత్తందారు. చివరికి నిమ్మపండు, పేరుకు తగ్గ పసుపుపచ్చది. "పదకొండు" అనగానే వెనక్కి తిరిగి, "ఏమోయ్, అందరూ ఉన్నారు" అనేవాడు. ఆ ఏమోయ్ నాదే. పక్కింటావిడని ఎవరూ ఏమోయ్ అనరు. టిఫిన్ పళ్ళెం తెచ్చేలోపు ఆ వెలుగు ఆరిపోయి మళ్ళీ మీరు, అమ్మా మొదలయ్యేవి. అయినా ఆ ఒక్క పిలుపు కోసం నేను రాత్రంతా ఓర్చుకోగలిగేదాన్ని.

దాన్ని కూడా నా చేతులతోనే పోగొట్టుకున్నాను. మేత డబ్బా ఎప్పుడూ అలమరలో పెట్టి తాళం వేసేదాన్ని, పెట్టిన సంగతి మరిచిపోయి మళ్ళీ మళ్ళీ పెడతాడని. ఆ రోజు తాళం వేయలేదు. బట్టలు ఆరేసి వచ్చేసరికి డబ్బా ఖాళీ. ఎన్నిసార్లు వేశాడో, ప్రతిసారీ మొదటిసారే అనుకుని వేసి ఉంటాడు. కుళ్ళిన మేతతో నీళ్ళు పాలలా అయ్యాయి. చేపల కొట్టాయన డ్రమ్ములతో నీళ్ళు తెచ్చి సాయంత్రం దాకా మార్చాడు. పది బతికాయి. నిమ్మపండు రాళ్ళ సందులో పక్కకు ఒరిగి దొరికింది. మా ఆయన చూడకుండా పాత తువ్వాలులో చుట్టి బయటికి తీసుకెళ్ళాను.

మర్నాడు పది దాకా లెక్కపెట్టి ఆగిపోయాడు. రాళ్ళ వెనక వెతికాడు. టిఫిన్ పెడితే చెంచా పక్కకు నెట్టాడు.

"ఒకరింకా రాలేదండీ. వచ్చాక తింటాను."

"రాళ్ళ వెనక పడుకుందండీ. మీరు తినండి" అన్నాను.

"లేచాకే తింటానమ్మా. తొందరేముంది."

మధ్యాహ్నానికి ఎలాగో బతిమాలి నాలుగు ముద్దలు తినిపించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. రోజూ అదే తంతు. నిన్నటి వెతుకులాట గుర్తుండదు కాబట్టి ప్రతి ఉదయం ఆ చేప కొత్తగా తప్పిపోయేది. చూస్తుండగానే ఆయన చొక్కాలు భుజాల మీంచి జారడం మొదలైంది. ఏమోయ్ అన్న మాట మాత్రం మళ్ళీ వినపడలేదు. తిండి సంగతి నిజమే, కానీ అబద్ధం ఎందుకు, నాకు కావలసింది ఆ పిలుపు. అందుకే ఇంకో నిమ్మపండును తెచ్చిపెట్టమని కొట్టాయనకు చెప్పాను.

ఈ విద్య అంతా మా ఆయన దగ్గరే నేర్చుకున్న మనిషి ఆయన. నన్ను వదినా అంటాడు. విని తల అడ్డంగా ఊపాడు.

"దొర ఉండగా అలాంటిది తెస్తే చంపేస్తాడు వదినా. ఆకారం ఒకటే కదా. తన పోలికున్నవాణ్ణే వాడు ముందు పొడిచేది. తోక పక్కన ముల్లు చూశారుగా, కత్తిలా ఉంటుంది."

"తొమ్మిదేళ్ళు కలిసే ఉన్నారుగా?"

"అన్న ఆ ఇద్దర్నీ ఒకే రోజు, ఒకే గంటలో వదిలాడు. ఇద్దరికీ ఇల్లు కొత్తే, ఎవడి మీద ఎవడు పెత్తనం చేస్తాడు అనేవాడు. ఇప్పుడు ఇల్లంతా దొరదే. ఆ రాళ్ళన్నీ పీకి వేరేలా పేరిస్తే తప్ప కుదరదు. అప్పుడు దొరకి కూడా కొత్తిల్లయిపోతుంది."

"రాళ్ళు కదిపితే మీ అన్నకి కూడా కొత్తిల్లయిపోతుంది. ఆ పని మాత్రం వద్దు" అన్నాను.

"మరి అన్న గుర్తుపడితే?"

"నన్నే గుర్తుపట్టని మనిషి చేపను గుర్తుపడతాడా?"

కాస్త గట్టిగానే అన్నాను. ఆ మంచివాడి మొహం చిన్నబోయింది. నాలుగు రోజుల తర్వాత సంచిలో గాలి నింపి, అరచేతి కంటే కొంచెం చిన్నదాన్ని తెచ్చి ఇచ్చాడు.

మా ఆయన రాసుకున్న అట్టల పుస్తకం ఒకటి ఉంది. అన్నేళ్ళు అది ఇంట్లో ఎక్కడుంటే అక్కడ నాకు అడ్డమనిపించేది. ఇప్పుడు వేలు పెట్టి చదివాను. సాధువుల్ని ముందు వదలాలి, రౌడీల్ని చివర. పగడాలు కొరికేవాడు ఎంత అందగాడైనా మన గుమ్మం తొక్కకూడదు. కొత్తవాణ్ణి నెల రోజులు వేరు తొట్టెలో ఉంచకుండా లోపలికి పంపితే, వాడు తెచ్చే జబ్బుకు పాతవాళ్ళందరూ పోతారు, మందు వేద్దామంటే ఆ మందు పగడాల్ని చంపుతుంది. కొత్తవాళ్ళని పాతవాళ్ళు కొన్నాళ్ళు దూరం నుంచి చూసి అలవాటు పడాలి. పేజీ కింద పెన్సిలుతో, "ఏమోయ్ మొన్న కొన్న చేపల బొమ్మల చీర బాగుంది" అని ఉంది. ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు. పుస్తకం మూసేశాను.

నెల రోజులు వెనకగదిలో వేరు తొట్టె పెట్టి, తలుపు తాళం వేసి, ఆ పిల్లచేపను కంటికి రెప్పలా చూసుకున్నాను. ఎండు సముద్రపు నాచు వేళ్ళతో పట్టుకుంటే వచ్చి కొరుక్కుని పోయేది. దానికి పేరు పెట్టలేదు. చచ్చినదాని పేరు సిద్ధంగా ఉంది కదా. ముందుగదిలో ఆయన "ఒకరింకా రాలేదండీ" అంటుంటే, వెనకగదిలో నేను "త్వరగా పెరగవే తల్లీ" అని బతిమాలేదాన్ని.

నెల గడిచాక దాన్ని చిల్లులున్న గాజులాంటి ప్లాస్టిక్ పెట్టెలో ఉంచి, పెద్ద తొట్టెలో ఆ చివరన వేలాడదీశాం. మా ఆయనకు కనపడకుండా అక్కడ బయటి గాజుకు పాత క్యాలెండరు కాగితాలు అతికించాను. గాజు కడుగుతున్నామని చెప్పాను. అబద్ధాలు చెప్పడంలో నాకు మంచి చెయ్యి తిరిగింది. దొర మొదటి మూడు రోజులు పెట్టెను తోకతో కొట్టి కొట్టి అలిసిపోయాడు. వారం తర్వాత చూసీ చూడనట్టు పోయేవాడు.

పదో రోజున వదలాలి. ఆ వేళకు తొట్టె ఇంకో చివర అద్దం అతికించమన్నాడు కొట్టాయన. దొర అందులో తనను చూసుకుని, అదే శత్రువనుకుని కోపమంతా దాని మీద తీర్చుకుంటాడట, ఈలోపు కొత్తది చోటు వెతుక్కుంటుందట. బట్టల బీరువా అద్దం ఊడదీసి తెచ్చి, కుర్చీకి ఆనించి, టేపు కోసం లోపలికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి మా ఆయన అద్దం ముందు కాస్త వంగి నిలబడి ఉన్నాడు.

"కూర్చోండి, కూర్చోండి. మా చేపల్ని చూడ్డానికొచ్చారా? ఒకరు పడుకున్నారు. లేస్తే అందర్నీ చూద్దురుగాని."

అవతలాయన కూర్చోలేదు. పెద్దాయన నిలబడితే తను ఎలా కూర్చుంటానని మా ఆయనా కూర్చోలేదు. ఇద్దరూ అలా ఎదురెదురుగా మొహమాటపడుతూ నిలబడ్డారు. నవ్వాలో, నేల మీద పడి ఏడవాలో తెలియలేదు. ఆయన్ని మెల్లగా పడుకోబెట్టి వచ్చి అద్దం అతికించాను. చేప తన నీడను శత్రువనుకుంది, మా ఆయన చుట్టమనుకున్నాడు. అంత మంచివాడికి ఈ జబ్బు రావడం ఏం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆయన నిద్రలో ఉండగా తొట్టె దీపాలు ఆర్పి, పెట్టె మూత తీశాం. పిల్లచేప బయటికి రావడానికి పావుగంట పట్టింది. దొర రెండుసార్లు మీదికి దూకాడు. మూడోసారి అద్దంలో తన మొహం కనిపించి అటు మళ్ళాడు. సాయంత్రానికి నాచు ఆకును ఒక చివర దొర, ఇంకో చివర ఆ పిల్ల కొరుకుతున్నారు.

"సాధించారు వదినా!" అన్నాడు కొట్టాయన. ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు మాత్రం తిరగలేదు. రేపు పొద్దున ఏడుద్దామని దాచుకున్నాను, సంతోషంగా.

పొద్దున్నే అద్దం, కాగితాలు తీసేసి, తల దువ్వుకుని, ఆ చేపల బొమ్మల చీర వెతికి కట్టుకున్నాను. ఈ వయసులో ఇదేం వేషమని నన్ను నేనే తిట్టుకున్నాను కూడా. టిఫిన్ పళ్ళెం పట్టుకుని ఆయన కుర్చీ వెనక నిలబడ్డాను.

ఆలుమగలు రెండు. ఆకుపచ్చ మందతో ఏడు. మేస్త్రీ ఎనిమిది. డాక్టరుగారు తొమ్మిది. దొర పది. అప్పుడు రాళ్ళ వెనక నుంచి పసుపుపచ్చగా మెరుస్తూ అది గాజు దగ్గరికొచ్చింది. ఆయన వేలు పైకి లేచింది. లేచి ఆగింది. ముందుకు వంగి, ముక్కు గాజుకు తగిలేంత దగ్గరగా చూశాడు.

"ఇది మాది కాదండీ" అన్నాడు.

"బాగా చూడండి. నిమ్మపండే."

"కాదమ్మా. మా దానికి కింది రెక్క చివర చిన్న చీలిక ఉంటుంది. రాయి గీరుకుంది. ఇది ఎవరి పిల్లో. మంచిదే పాపం."

తొమ్మిదేళ్ళు ఈ చేతులతోనే దానికి మేత వేశాను. ఆ చీలిక నేను చూడలేదు. కన్నతల్లి పేరు మరిచిపోయిన మనిషి, బాత్రూం దారి మరిచిపోయిన మనిషి, బియ్యపు గింజంత చీలికను దాచుకున్నాడు. నా కుడి కనుబొమ మీద మచ్చ ఉంది. ఈ తొట్టె గాజు ఎత్తేటప్పుడే తెగింది. ఆ రోజు రక్తం ఆగేదాకా గుడ్డ అదిమి పట్టుకున్నది ఆయనే. ఇప్పుడు ఆ మచ్చ వంక చూస్తూనే మాట్లాడుతున్నాడు.

"ఎక్కడ్నుంచి తెచ్చారో అక్కడ ఇచ్చెయ్యండి. వాళ్ళింట్లో వెతుక్కుంటుంటారు." నొచ్చుకుంటున్నట్టుగా అన్నాడు: "మీరూ ఇంటికి బయల్దేరండమ్మా. మాకోసం రోజూ ఇంత చేస్తున్నారు. మీ వాళ్ళు ఎదురుచూడరూ?"

"మీరు ఒక్కరే ఎలా ఉంటారండీ?"

"మా ఆవిడ వచ్చేస్తుంది. మా నిమ్మపండును వెతకడానికే వెళ్ళుంటుంది. రాగానే ఇద్దరం కలిసి తింటాం."

పళ్ళెం బల్ల మీద పెట్టాను. చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళి, తలుపు సగం తెరిచి ఉంచి, ఆయనకు కనపడేలా మెట్టు మీద కూర్చున్నాను. కొత్తవాళ్ళని పాతవాళ్ళు కొన్నాళ్ళు దూరం నుంచి చూడాలని ఆయనే రాసుకున్నాడు కదా.

ఒకసారి నా వైపు చూసి, దారిన పోయేవాళ్ళని చూసి నవ్వినట్టు నవ్వాడు. తర్వాత తొట్టె వైపు తిరిగి మళ్ళీ లెక్క మొదలుపెట్టాడు. పది దగ్గర ఆగాడు. కాసేపు వీధి గుమ్మం వైపు చూసి, మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టాడు.