ఖర్చు కాని గాలి

బుధవారం పొద్దున ఫెన్నా ఇంట్లో మొదటి పని కాఫీ పెట్టడం. రెండోది, ముందుగదిలో తివాచీ చుట్టి మూల నిలబెట్టడం. ఆ తర్వాత గుమ్మం పక్క కొక్కేలకి రెయిన్‌కోట్లు తగిలిస్తుంది, పొట్టివాళ్ళకీ పొడుగువాళ్ళకీ పనికొచ్చేలా. వచ్చేవాళ్ళలో సగం మంది సొంత కోటు మర్చిపోయి వస్తారు మరి, ఆనక తడిసి నసుగుతారు.

ఫెన్నా చేసేది బిట్‌కాయిన్ అడ్రసుల బ్యాలెన్స్ తీయడం, అంటే ఏ ఖాతాలో ఎంత మిగిలిందో లెక్క చెప్పడం. మా ఆర్న్‌హెమ్ ఊళ్ళో ఒకప్పుడు వాటి మోజు ఎంత ఉండేదో చెప్తే ఇప్పటి పిల్లలు నమ్మరు. మాంసం కొట్టువాడు తీసుకునేవాడు, కాఫీ హోటలువాడు తీసుకునేవాడు, పన్ను పీకించుకుని ఫోన్ చూపించి వచ్చేసినవాళ్ళు కూడా ఉన్నారు. అబ్బో, ఏం రోజులవి! కౌంటరు మీద నలుపూ తెలుపూ గళ్ళబొమ్మ ఒకటి అతికించుకుంటే చాలు, ప్రపంచమంతా మన కొట్టుకే వచ్చేస్తుందనుకునేవాళ్ళం. తర్వాత మోజు తగ్గింది. కిటికీల మీది స్టిక్కర్లు ఎండకి వెలిసిపోయాయి. ఇప్పుడు ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో గుర్తొస్తుంది, "అవునూ, మనకి అప్పట్లో కొంచెం ఉండాలి కదా" అని. వాళ్ళంతా ఫెన్నా తలుపు తడతారు.

ఆ పని వినడానికి తేలిక, చేయడానికి తల ప్రాణం తోకకొస్తుంది. ఆ బ్లాక్‌చెయిన్ అనే గొలుసులో ఫలానా అడ్రసులో ఇంత ఉంది అని ఎక్కడా రాసి ఉండదు. ఇక్కణ్ణించి అక్కడికి ఇంత వెళ్ళింది అని మాత్రమే ఉంటుంది, ఒక్కో లంకెలో. కాబట్టి మొట్టమొదటి లంకె నుంచి చదువుకుంటూ రావాలి, వచ్చింది కలుపుకుంటూ, పోయింది తీసేసుకుంటూ. అలా చదువుతుంటే, అడిగిన అడ్రసు తగిలిన చోటల్లా, ఆ సొమ్ము పంపిన మనిషి నెత్తిన ఆ గంటలో ఎండ ఉంటే ఎండ, వాన ఉంటే వాన, ఫెన్నా ముందుగదిలోకి వచ్చేస్తుంది. సొమ్ము ఖర్చయిన లంకె రాగానే ఆ ఎండో వానో పోతుంది. ఖర్చు కాకుండా మిగిలితే, ఆ సొమ్ము ఎవరిదో వాళ్ళ వెంట ఇంటికి వెళ్తుంది. మూలమీద పూలమ్మే బెర్తా భుజం మీద ఏడాది పొడుగునా ఏప్రిల్ ఎండ ఉంటుంది చూడండి, అది అలా వచ్చిందే. ఈ వ్యవహారంలో పక్కింటావిడకి ఉన్నది ఒకటే ఫిర్యాదు, గోడ చెమ్మెక్కుతోందని.

ఆ బుధవారం వచ్చినవాళ్ళు ఇమ్కె, ఆవిడ మొగుడు హర్మెన్.

హర్మెన్ సైకిళ్ళు బాగుచేస్తాడు. ఒకప్పుడు ఆ దుకాణం అతనిదీ, ఇమ్కె తమ్ముడు ఎవర్ట్‌దీ కలిపి. హర్మెన్‌ది చేతిపని, ఎవర్ట్‌ది నోటిపని. ఒకడు గేర్లు విప్పుతుంటే ఇంకొకడు గిరాకీని నవ్వించేవాడు. మోజు రోజుల్లో బిట్‌కాయిన్‌లో వచ్చినదంతా ఒకే అడ్రసులో వేసి ముట్టకుండా ఉంచారు. దాంతో పాత తెరచాప పడవ ఒకటి కొనాలని, ముసలితనంలో ముగ్గురూ సరస్సుల్లో తిరగాలని. ఒక వేసవిలో హర్మెన్, ఇమ్కె టెర్స్‌హెల్లింగ్ దీవికి వెళ్ళారు, ఎవర్ట్ దుకాణం చూసుకున్నాడు. తిరిగొచ్చి అడ్రసు తెరిస్తే సున్నా. దాని తాళం, అంటే తెరిచే రహస్య సంకేతం, తెలిసింది బావాబావమరుదులిద్దరికే.

"నేను తీయలేదు," అన్నాడు ఎవర్ట్.

"నేనూ తీయలేదు. అంటే ఎవరు తీసినట్టు?" అన్నాడు హర్మెన్.

అంతే. దుకాణం మధ్యలో ప్లైవుడ్ గోడ లేచింది. రెండు తలుపులు, రెండు గంటలు. ముందు చక్రం ఒకరి దగ్గర, వెనక చక్రం ఇంకొకరి దగ్గర బాగుచేయించుకున్న మహానుభావులు మా వీధిలో ఉన్నారు. హర్మెన్ నోట మళ్ళీ ఎవర్ట్ పేరు రాలేదు, "పక్క తలుపు వాడు" అనేవాడు. ఎవర్ట్ ఆ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు.

మధ్యలో నలిగింది ఇమ్కె. మా ఊళ్ళో పుట్టినరోజంటే కుర్చీలు గుండ్రంగా వేసుకుని అందరూ ఒకచోట కూర్చోవాలా? వచ్చినవాళ్ళు ఆవిడకే కాదు, ఆవిడ మొగుడికీ, తోడబుట్టినవాడికీ చేయి కలిపి శుభాకాంక్షలు చెప్పాలా? పదేళ్ళుగా ఆ ముచ్చటే లేదు. ఒకే కేకుని సగానికి కోసి, ఒక సగం పొద్దున ఎవర్ట్ ఇంట్లో, ఒక సగం మధ్యాహ్నం తన ఇంట్లో తింటూ వచ్చింది. ఇప్పుడు ఎవర్ట్ తన సగం దుకాణం మూసేసి ఉత్తరాన ఎక్కడో గ్రోనింగెన్ వైపు వెళ్ళిపోతున్నాడు. శుక్రవారం లారీ వస్తుంది. శనివారం ఇమ్కె పుట్టినరోజు. వీడు ఇలా వెళ్తే మళ్ళీ రాడని ఆవిడకి తెలుసు.

"వాడు వెళ్ళేలోపు నాకు నిజం కావాలి. తీశాడంటే తీశాడు, లేదంటే లేదు," అని మొగుణ్ణి లాక్కొచ్చింది. లాగాల్సిన పని కూడా లేకపోయింది. హర్మెన్ హుషారుగా వచ్చాడు, రుజువు చూపిస్తానని.

"కోటు వేసుకో హర్మెన్," అంది ఫెన్నా.

"సున్నాకి వానేంటి? నాకక్కర్లేదు."

"నీ ఇష్టం. తర్వాత తుమ్ముతూ నన్ను తిట్టకు."

కాఫీలు ఇచ్చింది. బిస్కెట్ డబ్బా తెరిచి తలా ఒకటి ఇచ్చి, మూత పెట్టేసింది. చదవడం మొదలుపెట్టింది.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత కిటికీ దగ్గర సన్నటి తుంపర మొదలైంది.

"ఇది ఉత్తరాలిచ్చే అమ్మాయి," అన్నాడు హర్మెన్ ఉన్నట్టుండి. "మొదటి గిరాకీ. బ్రేకు తీగ వేశాను. ఆ రోజు ఇదే తుంపర. సొమ్ము పడిందని ఫోన్ మోగగానే ఎవర్ట్ ఆ పిల్ల సైకిలెక్కి వీధంతా రెండు చుట్లు కొట్టాడు. ఆ పిల్ల లబోదిబోమంటూ వాడి వెనక!"

ఇమ్కె కాఫీ కప్పు ఎత్తబోతూ ఆగింది. "ఎవర్ట్" అన్నాడు. పేరు పెట్టి అన్నాడు.

హీటరు మీద మంచు రాలింది. "పంచరు. కాన్సర్ట్ హాలులో బాకా ఊదే పెద్దాయన." పుస్తకాల అలమర దగ్గర వడగళ్ళు టపటపమన్నాయి. "మే నెలలో వడగళ్ళు, గుర్తుందా? ఎవర్ట్ గిన్నె పట్టుకుని పరిగెత్తి, వాటిని నిమ్మరసంలో వేసి అందరికీ పోశాడు." ఇంకో మూల నుంచి అక్టోబరు ఎండ పసుపుపచ్చగా వచ్చి టేబులు మీద పడింది. ఆ సొమ్ము ఎవరూ ముట్టలేదు కాబట్టి ఏదీ పోలేదు, ఒకదాని పక్కన ఒకటి నిలబడిపోయాయి. ఆ గది నిండా వాళ్ళ దుకాణం మంచి రోజులన్నీ కురుస్తున్నాయి. హర్మెన్ చొక్కా తడిసి ముద్దయింది, అతను కోటు అడగనూ లేదు, కదలనూ లేదు. ఆ రోజులు అతనికి ఎంత ఇష్టమో, వాటిని ఎంతగా పోగొట్టుకున్నాడో ఇమ్కెకి ఆ మొహంలో కనిపించి కళ్ళు నిండాయి.

"ఇదిగో, బయటికి పోయిన లంకె దగ్గరికి వచ్చాం," అంది ఫెన్నా.

హర్మెన్ నిటారుగా కూర్చున్నాడు. "చూడండి ఇప్పుడు. ఆ వేసవిలో ఇక్కడ ఎండలు మండిపోయాయి, తారు కరిగి టైర్లకి అంటుకుంది. వాడు ఇక్కడ కౌంటరు వెనక కూర్చుని తీశాడు కాబట్టి గది కుంపటైపోతుంది." కాలరు గుండీ కూడా విప్పుకున్నాడు.

ఫెన్నా మీట నొక్కింది. తుంపర, మంచు, వడగళ్ళు, ఎండ అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ వెంటనే గాలి కొట్టింది. చల్లటి, ఉప్పటి గాలి, ఇసుకతో సహా. ఇమ్కె మెడకున్న స్కార్ఫ్ ఎగిరి దీపానికి చుట్టుకుంది. హర్మెన్ కాఫీలో ఇసుక పడింది.

"ఇది టెర్స్‌హెల్లింగ్!" అంది ఇమ్కె. "నా గడ్డి టోపీ ఎగిరిపోయిన రోజు! ఇసుకదిబ్బ మీద పాన్‌కేకుల పాక, ఆ కుర్రాడు బిట్‌కాయిన్ తీసుకుంటానన్నాడని నువ్వు ఎగేసుకుంటూ వెళ్ళి ఫోన్‌తో కట్టావు!"

"అది నా సొంత జేబుది," అన్నాడు హర్మెన్. "ఫోన్‌లో నాది వేరే ఉండేది. దుకాణానిది దాని కింద..."

"నీ వేలు ఆ కిందిదాని మీద పడింది," అంది ఫెన్నా.

"పాన్‌కేకుకి మొత్తం పోతుందా?"

"మొత్తం పోలేదు. అప్పటి ఫోన్లలో కొన్నింటికి ఆ అలవాటు ఉండేది. ఉన్నదంతా పోగేసి, కొట్టువాడికి ఇవ్వాల్సింది ఇచ్చి, చిల్లర నీకే తిరిగి ఇచ్చేవి. కాకపోతే పాత అడ్రసుకి కాదు, అప్పటికప్పుడు పుట్టించిన కొత్త అడ్రసుకి. దాని తాళం ఆ ఫోన్‌లోనే ఉంటుంది. ఇదిగో, పాన్‌కేకులది ఇది, మిగతాది ఇది. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా కదల్లేదు. దొంగిలించినవాడు పదేళ్ళు ముట్టకుండా కూర్చుంటాడా?"

"ఆ ఫోన్ ఏదీ?" అన్నాడు హర్మెన్, తనకి తెలియనట్టు.

"వచ్చేటప్పుడు ఫెర్రీ మీద కొంగల్ని ఫోటో తీస్తూ సముద్రంలో పడేశావు," అంది ఇమ్కె.

"ఇక తీసుకోవడానికి లేదా?" అన్నాడు హర్మెన్.

"వెళ్ళి చేపల్నడుగు," అంది ఫెన్నా, కంప్యూటరు మూస్తూ. గాలి మాత్రం ఆగలేదు. ఖర్చు కానిది కదా. వాళ్ళ వెంట గుమ్మం దాటి వీధిలోకి వచ్చింది.

హర్మెన్ తిన్నగా దుకాణానికి వెళ్ళి, తన తలుపు తెరిచి, లోపల ప్లైవుడ్ గోడ ముందు నిలబడ్డాడు. అవతల డబ్బాలకి టేపు అంటిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. గోడ మీద తట్టాడు. పదేళ్ళలో ఎవరూ తట్టలేదు. టేపు చప్పుడు ఆగింది.

"ఎవర్ట్... నేనేరా."

"ఏమిటి నువ్వే?"

"టెర్స్‌హెల్లింగ్‌లో. పాన్‌కేకు కోసం. నేనే నొక్కాను."

ఎవర్ట్ అడుగులు గోడ దగ్గరికి వచ్చాయి. "ఒక్క పాన్‌కేకు కోసం నన్ను దొంగని చేశావా?"

"రెండు," అంది ఇమ్కె వెనక నుంచి, ఏడుస్తూనే. "నాది చెర్రీలది."

"క్షమించరా," అన్నాడు హర్మెన్. "నాదే తప్పు. మొత్తం నాదే."

"ఈ గోడకి ఇవతల కూర్చుని రోజూ నీ సుత్తి చప్పుడు విన్నాను బావా. ఇవాళైనా ఆపి ఒక్క మాట అడుగుతావేమోనని చూశాను. ఇక చూడలేను. ఎల్లుండి లారీ వస్తుంది." మళ్ళీ టేపు చప్పుడు మొదలైంది. గాలి గోడ కింది సందులోంచి అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

శుక్రవారం లారీ వచ్చింది. డ్రైవరు మొదటి డబ్బా ఎత్తి బయట పెట్టగానే గాలి దాన్ని లోపలికి నెట్టింది. ఇంకోటి పెడితే మూత తెరిచి, రెంచీలూ స్పూనులూ కలిపి నేలంతా పరిచింది. లారీ తలుపు మూయబోతే మూసుకోలేదు. ఎవర్ట్ తన గాలిని తను తీసుకెళ్ళడానికి లేదు, అందులో సగం హర్మెన్‌ది. ఇద్దరిదైన గాలి ఒక్కడి వెంట ఊరు దాటదు. డ్రైవరు సిగరెట్ వెలిగించబోయి, అదీ కుదరక, "మీరూ మీరూ తేల్చుకోండి, నాకు ఇంకో ఇల్లుంది," అని వెళ్ళిపోయాడు.

చిందరవందరగా పడిన సామాను మధ్య ఎవర్ట్ ఒక్కడే నిలబడ్డాడు. అప్పుడే ప్లైవుడ్ గోడ మేకులు ఊడి, దభీమని ఎవర్ట్ కాళ్ళ దగ్గర పడింది. అవతల హర్మెన్ సుత్తి పట్టుకుని ఉన్నాడు. మేకులు గాలి ఊడదీసిందా, సుత్తి ఊడదీసిందా అని మా వీధిలో ఎవరూ అడగలేదు.

హర్మెన్ వంగి రెంచీలు ఏరడం మొదలుపెట్టాడు. ఎవర్ట్ కాసేపు చూశాడు. "అవి పెద్దవి, ఆ డబ్బాలోవి కావు," అన్నాడు విసుగ్గా. తర్వాత తనూ వంగాడు.

శనివారం ఇమ్కె దుకాణంలోనే, పడిన గోడ మీదే కుర్చీలు గుండ్రంగా వేసింది. ఒకటే గుండ్రం. ఫెన్నా కోట్లు తెచ్చింది. అందరూ కాలర్లు ఎత్తుకుని, కాఫీ కప్పులు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. చివర్లో ఎవర్ట్ వచ్చాడు, జుట్టంతా ఇసుకతో. అక్కకి బుగ్గల మీద మూడు ముద్దులు పెట్టి, తిన్నగా హర్మెన్ ముందుకి వెళ్ళి చేయి చాపాడు.

"మీ ఆవిడ పుట్టినరోజు శుభాకాంక్షలు, బావా."

హర్మెన్ ఆ చేయి పట్టుకుని వదల్లేదు. ఇమ్కె కొవ్వొత్తులు వెలిగించాలని చూసి చూసి, గాలికి నిలవకపోయేసరికి, అగ్గిపెట్టె పక్కన పెట్టి కేకు కోసింది. ఈసారి సగానికి కాదు, ఉన్నవాళ్ళందరికీ తలా ఒక ముక్క.